ఊరగాయ పద్దు, కాన్పుల పద్దు

పోయిన వేసవిలో ఊళ్ళో పాతిల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు (అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా). తాతయ్య, నానమ్మ ఇద్దరూ పోయారు, ఇల్లు కురుస్తోంది, ఉండేవాళ్ళు లేరు. అటక మీది ట్రంకుపెట్టెలో ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకం ఒకటి దొరికింది. కిరాణా కొట్లలో పొడుగ్గా ఉంటుంది చూడండి, ఆ రకం. నాన్న నిలబడే రెండు పేజీలు తిప్పి, "ఏముందిరా ఇందులో, అమ్మ ఊరగాయల లెక్కలు. పాత కాగితాలవాడికి వేసెయ్" అన్నారు.

వెయ్యలేదు. నాకేదో చరిత్ర మీద గొప్ప గౌరవం ఉండి కాదు. సరిగ్గా ఇలాగే "ఏముంది ఇందులో" అనిపించుకుంటూ నూట డెబ్భై ఏళ్ళకి పైగా పడున్న ఒక ఇంటి పుస్తకం గురించి అంతకు ముందే చదివి ఉన్నాను. అది చదవకపోయుంటే నేనూ నిక్షేపంగా కిలోల లెక్కన అమ్మేసేవాణ్ణే. అందుకని ముందు ఆ పుస్తకం సంగతి చెప్పి, తర్వాత మా నానమ్మ దగ్గరికొస్తాను. కాస్త ఓపిక పట్టండి.

ఆవిడ పేరు మార్తా బల్లార్డ్. 1735లో అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో పుట్టింది. 1754లో ఎఫ్రాయిమ్ బల్లార్డ్‌తో పెళ్ళయింది. మొత్తం తొమ్మిదిమంది పిల్లలు. 1769 వేసవిలో ఆ ఊరికి డిఫ్తీరియా (మనవాళ్ళు కంఠసర్పి అనేవారు) వచ్చి, మూడు వారాల్లోపే వాళ్ళల్లో ముగ్గురు ఆడపిల్లలు పోయారు. 1777లో కుటుంబం ఉత్తరాన కెన్నెబెక్ నది ఒడ్డున ఉన్న హాలోవెల్‌కి మారింది. ఇప్పుడది మేన్ రాష్ట్రం. అప్పటికి మేన్ ఇంకా మసాచుసెట్స్‌లో భాగమే, 1820లో గానీ విడిపోలేదు. మొగుడు భూములు కొలిచే సర్వేయరు, మిల్లు కూడా నడిపేవాడు. ఈవిడ మంత్రసాని.

1785 జనవరి 1న, వయసు యాభైకి దగ్గర పడ్డాక, ఈవిడ రోజూ రాయటం మొదలెట్టింది. 1812 మే 7 దాకా రాసింది. ఆ నెలలోనే, 77 ఏళ్ళ వయసులో పోయింది. అంటే ఇరవయ్యేడేళ్ళు, దాదాపు పదివేల రోజులు. డైరీ అనగానే మనం అనుకునేలాంటిది కాదది. మనసులో మాటలు, ఏడుపులు, ప్రేమలు చాలా తక్కువ. వాతావరణం ఎలా ఉంది, ఎవరింటికెళ్ళాను, ఎవరొచ్చారు, ఏం నాటాను, ఏం నేశాం, ఎవరికి కాన్పు చేశాను, ఎంతిచ్చారు. రోజుకి నాలుగైదు ముక్కలు, అంతే.

ఈ పద్ధతి ఆవిడ సొంతంగా కనిపెట్టింది కాదు. ఆ రోజుల్లో అక్కడ రెండు అలవాట్లుండేవి. ఒకటి, ఏటా అచ్చయ్యే పంచాంగం మధ్యలో తెల్లకాగితాలు కుట్టుకుని వానలూ, విత్తనాలూ, చావుపుట్టుకలూ రాసుకోవటం. రెండోది, కొట్టువాళ్ళ రోజువారీ పద్దు. మార్తా పుస్తకం ఈ రెండిటికీ పుట్టిన బిడ్డ లాంటిది. మనకీ ఇదేం కొత్త కాదు. పంచాంగం అంచుల్లో పిల్లలు పుట్టిన ఘడియా, గేదె ఈనిన రోజూ, చేబదులిచ్చిన డబ్బూ రాసుకున్న ఇళ్ళు మన దగ్గరా బోలెడు. అట్టలు చిరిగాక ఆ పంచాంగాలన్నీ పొయ్యిలోకి పోయాయి, అదీ తేడా.

ఇంతకీ ఆవిడ ఏం రాసిందో చూద్దాం. ముందు తోట. కెన్నెబెక్ ఒడ్డున చలికాలం మామూలుగా ఉండదు. నది గడ్డ కట్టిపోతుంది, దాని మీద నడిచి అవతలి ఒడ్డుకి కాన్పులకెళ్ళేది ఈవిడ. మంచు కరిగాక పడవలో. కాబట్టి తోటపని అంతా కొద్ది నెలల్లో కుక్కాల్సిందే. బఠాణీ, చిక్కుడు, దోస, క్యాబేజీ. వీటి పక్కనే మందు మొక్కలు, ఎందుకంటే మంత్రసానికి మందులషాపు కూడా తన పెరడే. ఏ రోజు ఏం నాటిందో, ఏది ఎప్పుడు కోసిందో ఏడాది తర్వాత ఏడాది కనపడుతుంది. 1809లో, 74 ఏళ్ళ వయసులో కూడా, తోటలో పనిచేశానని రోజు తర్వాత రోజు రాసుకుంది.

తర్వాత నిలవ. క్యాబేజీనే తీసుకోండి. ఇది రెండేళ్ళ మొక్క. మొదటేడు గడ్డ కడుతుంది, రెండో ఏడు గానీ పూత పూసి విత్తనం ఇవ్వదు. అందుకని విత్తనం కావాలంటే చలికాలమంతా వేళ్ళతో సహా నేలమాళిగలో దాచి, వసంతంలో మళ్ళీ బయట పాతాలి. మార్తా కూడా అదే చేసింది, ఆ మోళ్ళు నాటిన రోజులు పుస్తకంలో ఉన్నాయి. విత్తనాల పాకెట్టు కొనుక్కునే మనకి అది ఒక వాక్యం. ఆవిడకి అది వచ్చే ఏడాది కూర. గొడ్డుని కోసినప్పుడు మాంసం, చీజ్, ఇంట్లో వడికిన నూలు, మగ్గం మీద ఆడపిల్లలు నేసిన గుడ్డ, అన్నీ ఇలాగే పద్దుల్లో ఉంటాయి.

ఇక కాన్పులు. ప్రతి కాన్పునీ మార్జిన్‌లో నంబరు వేసి రాసేది. మామూలు రుసుము 6 షిల్లింగులు. డబ్బే అక్కర్లేదు, సరుకులూ ఇచ్చేవాళ్ళు. రుసుము ముట్టాక ఆ పద్దు పక్కన రెండు ఇంటూ గుర్తులు పెట్టేది. మొత్తం 816 కాన్పులు. వాటిల్లో కాన్పు జరుగుతుండగా ఒక్క తల్లి కూడా పోలేదు, తర్వాతి రోజుల్లో పోయినవాళ్ళు ఐదుగురు. ఈ లెక్క ఆవిడ ఎక్కడా వేసుకోలేదు, గొప్పగా చెప్పుకోనూ లేదు. రాసింది కాబట్టి, రెండొందలేళ్ళ తర్వాత ఇంకొకరు కూర్చుని లెక్క పెట్టగలిగారు.

ఆ పుస్తకంలో సాక్ష్యం కూడా ఉంది. అప్పటి మసాచుసెట్స్ చట్టం ప్రకారం పెళ్ళికాని తల్లి కాన్పు నొప్పుల్లో ఉండగా బిడ్డ తండ్రి ఎవరని మంత్రసాని అడగాలి. ఆ నొప్పుల్లో అబద్ధం చెప్పదని నమ్మకం. ఆమె చెప్పిన పేరు కోర్టులో చెల్లేది, బిడ్డ పోషణ ఖర్చు ఆ మగవాడి మీద పడేది. 1791 అక్టోబరులో మార్తా శాలీ పియర్స్ అనే అమ్మాయికి కాన్పు చేసింది. మామూలుగానే అడిగింది. శాలీ చెప్పిన పేరు జొనాథన్ బల్లార్డ్. మార్తా కొడుకే.

రాసింది. దాచలేదు, చింపలేదు, ఒక్క తిట్టు కూడా లేదు. మిగతా కాన్పుల్లాగే అదీ పద్దులోకెక్కింది. కొన్ని నెలలకి 1792లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. నాకు ఈ డైరీ మొత్తంలో ఎక్కువసేపు ఆలోచనలో పడేసిన చోటు ఇదే. సొంతింటి పరువు పోయే విషయాన్ని ఏ మార్పూ లేకుండా రాయగలిగిందంటే, మిగతా పద్దుల్ని కూడా నమ్మొచ్చన్నమాట.

ఆవిడ పోయినప్పుడు పేపర్లో ఒక్క వాక్యం వేశారు. ఫలానా ఎఫ్రాయిమ్ బల్లార్డ్ గారి భార్య, 77 ఏళ్ళు, అని. 816 కాన్పుల ఊసే లేదు. డైరీని కూతురు దాచింది, ఆమె నుంచి ఆమె కూతుళ్ళకి చేరింది. 1884లో అది మేరీ హోబార్ట్ అనే ముని మనవరాలి కూతురి చేతికొచ్చింది. ఆమె సరిగ్గా ఆ ఏడే మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చింది. 1930లో ఆమె దాన్ని మేన్ స్టేట్ లైబ్రరీకి ఇచ్చేసింది. నాలుగు తరాల ఆడవాళ్ళు దాన్ని పారెయ్యకుండా కాపాడారు.

చదివిన మగ చరిత్రకారులు మాత్రం పెదవి విరిచారు. హాలోవెల్ నుంచి 1797లో విడిపోయి వేరే టౌన్ అయిన ఆగస్టా చరిత్ర రాసిన ఛార్లెస్ నాష్ ఆ డైరీని కుదించి తన పుస్తకంలో చేర్చాడు గానీ, అందులో ఎక్కువ భాగం జనానికి ఆసక్తి లేని విషయమే అనుకున్నాడు. తర్వాత 20వ శతాబ్దంలో చూసినవాళ్ళకీ అది ఇంటిపనుల చిల్లర లెక్కలాగే కనపడింది. ఊళ్ళో గొప్ప సంఘటనలేమన్నా ఉంటే ఏరుకుని, మిగతాది ఊక అని వదిలేశారు.

లారెల్ థాచర్ అల్రిక్ అనే చరిత్రకారిణి ఆ ఊకనే పట్టుకుంది. 1990లో ఆమె రాసిన ఎ మిడ్‌వైఫ్స్ టేల్ వచ్చింది, 1991లో దానికి పులిట్జర్ బహుమతి ఇచ్చారు. ఆమె చేసిందల్లా ఒకటే. ఆసక్తిగా లేని వాక్యాల్ని కూడా వదలకుండా లెక్కపెట్టటం, వాటిని పన్నుల జాబితాలతో, కోర్టు రికార్డులతో, ఊళ్ళో ఇతరుల డైరీలతో పక్కపక్కన పెట్టి చూడటం. అప్పుడు తేలిందేంటంటే, ఆ ఊళ్ళో రెండు ఆర్థిక వ్యవస్థలు నడిచాయి. ఒకటి కాగితాల మీదుంది: పన్నులు, భూములు, కలప, అన్నీ మగవాళ్ళ పేర్లతో. రెండోది మార్తా పుస్తకంలో ఉంది: నూలు, గుడ్డ, విత్తనాలు, కాన్పులు, పనికి బదులు పని, అన్నీ ఆడవాళ్ళ మధ్య. ఈ పుస్తకం లేకపోతే రెండోది జరిగినట్టే మనకి తెలిసేది కాదు.

1804లో ఇది మరీ బయటపడింది. ఎఫ్రాయిమ్ ఊరికి పన్నులు వసూలు చేసే పని ఒప్పుకున్నాడు, కట్టాల్సిన డబ్బు జమ చెయ్యలేకపోయాడు. జైల్లో పెట్టారు, 1805 దాకా. ఆయనకప్పటికి దాదాపు ఎనభై ఏళ్ళు. ఇంట్లో మార్తా ఒక్కతీ. ఆ చలికాలంలో పొయ్యిలోకి కట్టెలు లేని రోజులు పుస్తకంలో ఉన్నాయి. జొనాథన్, శాలీ పిల్లలతో సహా ఆ ఇంట్లోకి దిగారు, ముసలావిడ తన ఇంట్లో తనే ఒక గదికి పరిమితమైంది. ఊరి రికార్డుల్లో ఇది ఒక బాకీ కేసు. ఈ పుస్తకంలో కట్టెల్లేని చలికాలం.

మా ఉద్యోగాల్లో లాగ్ ఫైల్ అని ఒకటుంటుంది. సర్వర్ ప్రతి పనికీ టైమేసి ఒక లైను రాస్తూ పోతుంది. ఎవరూ చదవరు. డిస్క్ నిండిపోతోందని తిట్టుకుంటాం కూడా. ఒకరోజు రాత్రి రెండింటికి ఏదో కుప్పకూలుతుంది. అప్పుడు పనికొచ్చేది ఎవరో రాసిన అందమైన డాక్యుమెంట్ కాదు, ఆ విసుగు పుట్టించే లైన్లే. "ముఖ్యమైనవి మాత్రమే రాద్దాం" అని ముందే ఏరేసిన లాగ్ ఎప్పుడూ సరిగ్గా కావాల్సినప్పుడు పనికి రాదు. ఎందుకంటే ఏది ముఖ్యమో రాసేనాటికి తెలీదు. నాష్ గారు చేసింది అదే పొరపాటు :)

ఇప్పుడు మా నానమ్మ ఖాతా పుస్తకం.

ఐదో క్లాసు దాకా చదివింది. పుస్తకం 1968లో మొదలై 1991లో ఆగింది. మార్తాలాగా రోజూ రాయలేదు, పనుంటేనే. వేసవిలో ఆవకాయ, మాగాయ. చలికాలంలో చింతకాయ, ఉసిరికాయ. ఎన్ని కాయలు, కారమెంత, ఉప్పెంత, ఏ జాడీలో పెట్టింది, ఏది బూజు పట్టింది. పెరట్లో బీర, పొట్ల, గోంగూర ఎప్పుడు చల్లిందీ. వెనక పేజీల్లో చేబదుళ్ళు.

ముందు నాకు నచ్చింది కొలతలు. దేశంలో తూనికల చట్టం 1956లో వచ్చింది, 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. మా నానమ్మ పుస్తకంలో మాత్రం 1968 తర్వాత కూడా కారం మానికల్లోనే, నూనె వీశెల్లోనే ఉంది. 1973లో నూనె కిలోల్లోకి మారింది, ఎందుకంటే అది కొట్టునుంచి వచ్చేది. ఇంట్లో దంచుకునే కారం మాత్రం చివరిదాకా మానికల్లోనే ఉండిపోయింది. ఢిల్లీలో చేసిన చట్టం మా వంటింట్లోకి ఏ గుమ్మంలోంచి వచ్చి ఎక్కడ ఆగిపోయిందో ఇంత స్పష్టంగా నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

రెండో విషయం దగ్గర నాన్నా నేనూ కాస్త గొడవపడ్డాం. ఊరగాయ లెక్కల పక్కన పేర్లున్నాయి. పేర్ల పక్కన "చె" అని అక్షరం. మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే మాటేంటంటే, నానమ్మ చెయ్యి పెద్దది, పెట్టిన ఊరగాయలో సగం ఊరికి పంచేసేది, తాతయ్య జీతంతోనే ఇల్లు గడిచింది అని. "చె" అంటే చెల్లు. డబ్బు ముట్టింది, పద్దు తీరింది అని. పంచిపెట్టినదానికి ఎవరూ చెల్లు రాయరు కదా! మొత్తం చూస్తే, పేరున్న జాడీల్లో సగానికి పైగా "చె" ఉంది. డబ్బో, బియ్యమో, మినుములో. అంటే అమ్మింది.

నాన్నకి నచ్చలేదు. "మా అమ్మ ఊరగాయలు అమ్ముకుందంటావా?" అన్నారు. అమ్ముకోవటం అనే మాటలో ఏదో తక్కువతనం వినపడింది ఆయనకి. పెద్దత్తకి ఫోన్ చేశాం. ఆవిడ నవ్వింది. "ఒరే, మీ తాతయ్యకి తెలీకుండా నా ఇంటర్ పరీక్ష ఫీజు ఎవరు కట్టారనుకున్నావు?" అంది. 1978లో ఆ పద్దు ఉంది కూడా. పెద్దదాని ఫీజు, అని రెండే మాటలు. దాని పైన ఐదు మాగాయ పద్దులు, ఐదింటికీ చెల్లు. ఆడపిల్లకి ఇంటర్ దేనికని తాతయ్య అన్నారట. ఈ సంగతి మా నాన్నకి అరవైకి దగ్గరపడ్డాక తెలిసింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి పుస్తకం తనే తీసుకుని చదివారు.

మూడోది 1977. ఆ ఏడు నవంబరు 19న దివిసీమ ఉప్పెన. మా వైపు కూడా గాలీ వానా భయంకరంగా వచ్చాయని విన్నాను. నానమ్మ రాసిందల్లా: గాలివాన, మునగచెట్టు పడింది, చింతకాయ జాడీ పగిలింది. అంతే. కానీ ఆ తర్వాత నాలుగు నెలల పాటు వరసగా పేర్లున్నాయి, ఊరగాయ ఉంది, బియ్యం ఉన్నాయి, ఒక్కదాని పక్కన కూడా "చె" లేదు. వాళ్ళివ్వలేకపోయారా, ఈవిడే అడగలేదా? అడగనిదానికి పేరెందుకు రాసింది? నాకు తెలీదు, అడుగుదామంటే ఆవిడ లేదు. మిగతా ఏళ్ళల్లో ఆవిడ ఎంత కచ్చితంగా "చె" పెట్టిందో చూశాను కాబట్టే ఈ నాలుగు నెలల ఖాళీ నాకు కనపడింది. రోజూ రాయటం వల్ల లాభం ఇదేననుకుంటా. రాయనిది కూడా కనపడుతుంది.

ఇక్కడితో ఆపేస్తే మా నానమ్మని దేవతని చేసినట్టుంటుంది. ఇంకోటి కూడా చెప్పాలి.

పుస్తకం మొదటి పేజీలో పిల్లల పుట్టుకలున్నాయి. నలుగురు, నాలుగు లైన్లు, తారీఖు, వేళ. నాన్న పుట్టింది అక్టోబరులో. సర్టిఫికెట్లో జూలై 1 ఉంటుంది. బళ్ళో చేర్చేటప్పుడు మాష్టారు వేసిన తారీఖది, మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి జూలై 1లు ఒకటో రెండో ఉండే ఉంటాయి. నాన్న ఉద్యోగం, పాస్‌పోర్టు, ఆధార్, డిజిలాకర్, అన్నీ ఆ మాష్టారి తారీఖు మీదే నడుస్తున్నాయి. అసలు తారీఖు మాత్రం ఊరగాయల పుస్తకంలో ఉంది.

ప్రతి పుట్టుక కిందా ఒక ఖర్చు: మంత్రసానికి చీర, రెండు మానికల బియ్యం, చె. నాలుగు సార్లూ "మంత్రసాని" అనే ఉంది. పేరు లేదు. ఊరగాయ పట్టుకెళ్ళిన ప్రతివాళ్ళ పేరూ రాసిన మనిషి, తన నలుగురు పిల్లల్నీ ఈ లోకంలోకి తెచ్చిన మనిషి పేరు రాయలేదు. పెద్దత్తనడిగితే ఎవరో చెప్పింది గానీ పేరు ఆవిడకీ తెలీదు. "ముసల్ది అనే పిలిచేవాళ్ళం, మాలపల్లి నుంచి వచ్చేది" అంది. పేరు రాయకపోవటానికి కారణం ఆ రెండో ముక్కలోనే ఉంది.

మార్తాకి తన పుస్తకం తనే రాసుకునే వీలుంది. అందుకే 816 కాన్పులకి లెక్కుంది. మా ఊరి మంత్రసాని ఎన్ని చేసిందో? ఆమెకి చదువు రానివ్వలేదు, రాసేవాళ్ళు ఆమె పేరు రాయలేదు. మార్తాని ఎఫ్రాయిమ్ భార్య అని ఒక్క వాక్యంలో తేల్చేసిన పేపరువాళ్ళ మీద నాకు కోపమొచ్చింది. మా నానమ్మ కూడా అదే చేసింది, ఇంకాస్త పొదుపుగా. ఇంటి పుస్తకం ఊరి రికార్డు చూడనిది చూస్తుంది, నిజమే. కానీ అది కూడా ఆ ఇంటి గుమ్మంలోంచే చూస్తుంది.

పుస్తకం మొత్తం ఫొటోలు తీశాను. పేజీకొక ఫైలు, మామూలు టెక్స్ట్‌లో టైపు చేస్తున్నాను, ప్రింటు తీసి ఒక కాపీ పెద్దత్తకి ఇస్తాను. ఏ యాప్‌లోనూ పెట్టదల్చుకోలేదు. యాప్‌లు ఎంతకాలం బతుకుతాయో నాకు తెలుసు, నేను చేసే పనే అది. అసలు పుస్తకం నాన్న బీరువాలో ఉంది. మా ఆవిడా నేనూ కూడా ఒక నోటుబుక్ మొదలెట్టాం. బాల్కనీలో టమాటా ఎప్పుడు వేసిందీ, ఈసారి ఆవకాయలో ఉప్పెంత పట్టిందీ, ఏ కాగితం ఏ ఫైల్లో ఉందీ. మహా బోరుగా ఉంటుంది. పని చేసి పెట్టినవాళ్ళ పేర్లు మాత్రం పూర్తిగా రాస్తున్నాం. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ పేరు మూడేళ్ళ తర్వాత మొన్న, ఆ నోటుబుక్ కోసం అడిగితే తెలిసింది. సిగ్గేసింది.

మీ అటక మీద కూడా ఇలాంటి ఎర్ర పుస్తకం ఉండే ఉంటుంది. పాత కాగితాలవాడు వచ్చే లోపు ఒకసారి తిప్పి చూడండి. అందులో పేరు లేనివాళ్ళెవరో ఇంట్లో పెద్దవాళ్ళని ఇప్పుడే అడగండి. నేనైతే ఈ సంక్రాంతికి ఊరెళ్ళి, ఆ ముసలావిడ తాలూకు వాళ్ళెవరన్నా ఉన్నారేమో కనుక్కుందామనుకుంటున్నాను.